ఎర్త్‌సీ నవలలు: పాఠకులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

అమెరికా రచయిత్రి ఉర్సులా కె. లె గ్విన్ రాసిన ఎర్త్‌సీ నవలల మీద ఇద్దరు మాట్లాడుకుంటే వాదన తప్పదు. ద్వీపాలు, మంత్రాలు, డ్రాగన్లు ఉన్న ఊహాలోకపు కథలివి. ఒకరు 1968లో వచ్చిన పుస్తకాన్ని మనసులో పెట్టుకుని మాట్లాడతారు, ఇంకొకరు 1990లో వచ్చినదాన్ని. పైకి రెండూ ఒకే కథ. లోపల మాత్రం రచయిత్రి తన పాత పుస్తకాలతోనే పేచీ పెట్టుకుంది. అందుకే అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటాయి. ఏ ప్రశ్న దగ్గర నుంచైనా చదవొచ్చు. కథ ముగింపు బయటపడే చోట ముందే హెచ్చరించాం.

## మొదలుపెట్టక ముందు

మొత్తం ఎన్ని పుస్తకాలు? ఏ వరసలో చదవాలి?

ఆరు. అయిదు నవలలు, ఒక కథల సంపుటి. వరస ఇది: ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ (1968), ది టూంబ్స్ ఆఫ్ అటువాన్ (1971), ది ఫార్దెస్ట్ షోర్ (1972), తెహాను (1990), టేల్స్ ఫ్రమ్ ఎర్త్‌సీ (2001), ది అదర్ విండ్ (2001). చివరి రెండూ ఒకే ఏడాది వచ్చాయి కాబట్టి కొందరు కథల సంపుటిని పక్కనపెట్టి నేరుగా ది అదర్ విండ్‌కి వెళ్తారు. అక్కడ ఐరియన్ అనే పాత్ర ఉన్నట్టుండి ఊడిపడినట్టు ఉంటుంది. ఆమె ఎవరో చెప్పేది సంపుటిలోని చివరి కథ, డ్రాగన్‌ఫ్లై.

ఇంకో పొరపాటు, కథాకాలం లెక్కన చదవడం. సంపుటిలోని మొదటి కథ ది ఫైండర్ సుమారు మూడు వందల ఏళ్ల వెనకటిది. రోక్ ద్వీపంలోని మంత్రవిద్యా పాఠశాలను కట్టినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారని అందులో తెలుస్తుంది. మగపిల్లలకు తప్ప ప్రవేశం లేని అదే పాఠశాలను మొదటి నవలలో చూసి వచ్చినవాళ్లకే ఆ సంగతి గుచ్చుకుంటుంది. ముందే చదివేస్తే మామూలు సమాచారంలా జారిపోతుంది.

అన్నీ కలిపిన ఒకే పెద్ద పుస్తకం కొనాలా, విడివిడిగానా?

చార్లెస్ వెస్ బొమ్మలతో 2018లో వచ్చిన ఏకసంపుటిలో ఆరు పుస్తకాలతో పాటు విడి కథలు కూడా ఉన్నాయి. 1964 నాటి రెండు తొలి కథలు, కథానాయకుడైన మంత్రవేత్త గెడ్ చివరి రోజుల మీద రాసిన ఫైర్‌లైట్ అందులో దొరుకుతాయి. దాదాపు వెయ్యి పేజీలు. బల్ల మీద పెట్టుకుని చదవాల్సిందే, బస్సులో పట్టుకోలేరు. మొదటిసారి చదివేవాళ్లకు మొదటి నవల ఒక్కటి చాలు. నచ్చితే పెద్దది కొనుక్కోవచ్చు.

మా అమ్మాయికి 11 ఏళ్లు. చేతికివ్వొచ్చా?

మొదటిది ఇవ్వొచ్చు. కాస్త పెద్ద పిల్లల కోసం ఒక పుస్తకం రాసిపెట్టమని పార్నాసస్ ప్రెస్ ప్రచురణకర్త 1967లో అడిగితే పుట్టిన నవల అది. అయినా భయపెట్టే చోట్లు మూడున్నాయి: నీడ వచ్చి మీదపడి ముఖం చీరే ఘట్టం, జ్వరంతో చనిపోయే పసివాడు, గెడ్ పెంచుకునే చిన్న జంతువు చావు. చివరిదానికే పిల్లలు ఎక్కువ ఏడుస్తారు.

రెండోదానికి 12, 13 ఏళ్లు ఉంటే మంచిది. మూడో అధ్యాయంలో ఖైదీలను చీకట్లో ఆకలితో చంపే శిక్ష ఉంది, ఆ ఆజ్ఞ ఇచ్చేది కథానాయికే. మూడోదానిలో బానిసల ఓడ, మత్తుమందుకు బానిసైనవాళ్లు వస్తారు. నాలుగోది తెహాను విషయం వేరు. కన్నవాళ్లే చెరిచి, కొట్టి, మంటల్లోకి తోసేసిన చిన్నపిల్ల ఆ కథకు కేంద్రం. పదిహేనేళ్ల లోపు పిల్లలకైతే ముందు పెద్దవాళ్లు చదివి ఇవ్వాలి. నాలుగూ ఒకే రకం అట్టలతో పెట్టెలో పెట్టి అమ్ముతుంటారు. పుట్టినరోజు కానుకగా ఆ పెట్టె మొత్తాన్ని పదేళ్ల పిల్లాడికి ఇచ్చేసి తర్వాత నాలుక కరుచుకున్నవాళ్లు ఉన్నారు.

తెలుగు మీడియంలో చదువుకున్నాను. ఈ ఇంగ్లీషు నాకు అర్థమవుతుందా?

అవుతుంది. యాస లేదు, అమెరికన్ వాడుక మాటలు లేవు. కష్టపెట్టేవి పడవలకు, గాలికి, సముద్రానికి సంబంధించిన మాటలు. వాటిలో సగం వదిలేసినా కథ తప్పిపోదు. మొదటి నవలలో పది అధ్యాయాలు, ఒక్కోటి ఇరవై పేజీల చొప్పున. రోజుకొకటి పెట్టుకోండి. పటం ఉన్న పేజీకి ఒక కాగితం అడ్డు పెట్టుకుని, ద్వీపం పేరు వచ్చినప్పుడల్లా ఒకసారి చూసుకోండి. గొంతెత్తి చదివితే సులువవుతుంది, వాక్యాలు చెవికోసం రాసినవి.

నాలుగు మాటల తేడా ముందే తెలిస్తే చాలా గందరగోళం తగ్గుతుంది. విచ్ అంటే పల్లెల్లో మందూమాకూ, చిల్లర మంత్రాలూ చూసే ఆడమనిషి. సోర్సరర్ అంటే రోక్‌లో పూర్తి చదువు లేని మంత్రగాడు. విజార్డ్ అంటే రోక్‌లో చదివి చేతికర్ర పొందినవాడు. ఆర్క్‌మేజ్ వాళ్లందరికీ పెద్ద. డ్రాగన్‌లార్డ్ అనే బిరుదు వినగానే డ్రాగన్లను లొంగదీసుకున్నవాడు అనుకుంటారు. డ్రాగన్లు ఎవరితో మాట్లాడటానికి ఒప్పుకుంటాయో వాడే డ్రాగన్‌లార్డ్.

హ్యారీ పాటర్ నచ్చింది. ఇది కూడా అలాంటిదేనా?

మంత్రాలు నేర్పే బడి ఉందని వినే ఈ ప్రశ్న వస్తుంది. హ్యారీ పాటర్ మొదటి భాగం 1997లో వచ్చింది, ఇది అంతకు 29 ఏళ్ల ముందుది. కానీ బడి కథ మూడు, నాలుగు అధ్యాయాల్లోనే అయిపోతుంది. ఆటల పోటీలు, హాస్టల్ అల్లర్లు, హాస్యం ఉండవు. ఆ ఆశతో కొన్నవాళ్లే "బోర్" అని రాస్తుంటారు. ఒక్క సంగతి మాత్రం బడి కథలు ఇష్టపడేవాళ్లకు నచ్చి తీరుతుంది: రోక్ ద్వారపాలకుడికి సొంత అసలు పేరు చెప్తేనే లోపలికి రానిస్తాడు, చదువు ముగించి బయటికి పోవాలంటే అతని అసలు పేరు కనిపెట్టాలి. గెడ్ ఎలా కనిపెట్టాడో చదివి తెలుసుకోవాల్సిందే.

## చదువుతూ మధ్యలో ఆగినవాళ్లకు

రెండు అధ్యాయాలు చదివినా కథలోకి దిగలేకపోతున్నాను. పాత్రలు ఎక్కడో దూరంగా ఉన్నాయి. లోపం నాదా, పుస్తకానిదా?

మిగతా ఫిర్యాదులన్నీ కలిపినా దీని తర్వాతే. కారణం కథ చెప్పే పద్ధతి. గెడ్ పెద్ద మంత్రవేత్త అవుతాడనీ, అతని మీద పాటలు పుడతాయనీ మొదటి పేజీలోనే చెప్పేస్తుంది. అంటే బతుకుతాడా చస్తాడా అనే ఉత్కంఠను రచయిత్రే చేజేతులా తీసి పక్కన పెట్టింది. సంభాషణ తక్కువ, వృత్తాంతం ఎక్కువ. హరికథ, బుర్రకథ విన్నవాళ్లకు ఈ పద్ధతి కొత్తది కాదు. లవకుశులు రాముడి కొడుకులని తెలియనివాళ్లెవరూ ఆ కథ వినడానికి కూర్చోరు, అయినా తెల్లారేదాకా వింటారు. ఎలా జరిగిందన్నదే అక్కడ ఆసక్తి. ఈ నవలనూ ఆ చెవితో వినాలి.

నాలుగో అధ్యాయం చివరి దాకా ఓపిక పట్టండి. గెడ్ తోటి విద్యార్థి జాస్పర్‌తో పంతానికి పోయి, చనిపోయినవారి ఆత్మను పిలవబోయి, ఒక నీడను లోకంలోకి వదిలేస్తాడు. అక్కడి నుంచి కథ పరుగు అందుకుంటుంది. అప్పటికీ పట్టకపోతే పుస్తకం మూసి రెండో నవల తెరవండి. ది టూంబ్స్ ఆఫ్ అటువాన్ విడిగా చదివినా అర్థమవుతుంది, పైగా ఒకే అమ్మాయి మనసుకు దగ్గరగా ఉండి నడుస్తుంది. దాంతో మొదలుపెట్టి తర్వాత వెనక్కి వచ్చి మొదటిదాన్ని ఇష్టపడినవాళ్లు ఉన్నారు.

మాయకు నియమాలేమిటో సరిగ్గా చెప్పలేదే?

చెప్పింది, ఒకచోట కుప్ప పోయలేదు. ప్రతి వస్తువుకీ ఆదిభాషలో అసలు పేరు ఉంటుంది. అది తెలిస్తే ఆ వస్తువు మీద పట్టు దొరుకుతుంది. నురుగును సుకియన్ అంటారు: సుక్ అంటే ఈక, ఇనియన్ అంటే సముద్రం. నురుగు మీద మంత్రం వేసినా సముద్రాన్ని కదిపినట్టే, అందుకే చిన్న పనికీ జాగ్రత్త కావాలి. మనుషులకూ అసలు పేరుంటుంది. గెడ్‌కి పదమూడో ఏట గురువు ఒగియన్ పెట్టాడు. అది మరొకరికి చెప్పడమంటే ప్రాణం వాళ్ల చేతిలో పెట్టడం. జన్మనామాన్ని సంకల్పానికే వాడి, బయట వ్యవహారనామంతో పిలిచే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ ఏర్పాటు ఇట్టే ఒంటపడుతుంది.

కనికట్టు వేరు, నిజమైన మార్పు వేరు. గులకరాయిని వజ్రంలా కనిపించేలా చేయడం చిన్నపిల్లల పని. నిజంగా వజ్రంగా మారిస్తే లోకపు సమతూకం కదులుతుంది. ఒకచోట వాన కురిపిస్తే మరోచోట కరువు రావచ్చు. జంతురూపంలో ఎక్కువసేపు ఉంటే మనిషి తనను తాను మరిచిపోతాడు, గెడ్ డేగగా మారి ఎగిరిన అధ్యాయంలో దాదాపు అదే జరుగుతుంది. "మంత్రంతో అన్నీ సరిచేసుకోవచ్చు కదా" అనే ప్రశ్నకు జవాబు ఇదే: చేసుకోవచ్చు, లెక్క ఇంకెక్కడో తేలుతుంది.

రెండో పుస్తకంలో గెడ్ ఏడి? సగం అయిపోతోంది.

పన్నెండు అధ్యాయాల్లో అయిదోదానిలో వస్తాడు, అదీ పేరు లేకుండా, చీకటి గుహలో ఒక వెలుగుగా. అంతవరకూ కథ టెనార్‌ది. అయిదేళ్లప్పుడు తల్లిదండ్రుల నుంచి తెచ్చి, పేరు తీసేసి, అర్హా అని పిలిచి, పేరులేని శక్తులకు పూజారిణిని చేస్తారు. సమాధుల కింది దారులను ఆమె వేళ్లతో తడిమి, మలుపులు లెక్కపెట్టి కంఠస్థం చేస్తుంది. అక్కడ దీపం నిషిద్ధం. చాలామందికి విసుగు పుట్టించే పేజీలివే. వాటిని దాటేస్తే చివరి మూడు అధ్యాయాల్లో ఆమెకు దారి తెలియడం ఎంత విలువైనదో తెలియదు.

"చివరికి మగాడే వచ్చి కాపాడాడు" అన్న ఆక్షేపణ కూడా ఉంది. పాఠం చూస్తే, చీకటి శక్తులను ఆపిపట్టేది గెడ్, దారి తెలిసింది టెనార్‌కి. ఒకరు లేకుండా రెండోవారు బయటపడరు. మా లెక్కలో ఆరింటిలోకీ నిర్మాణం గట్టిగా ఉన్నది ఇదే. 1972లో, అమెరికాలో పిల్లల పుస్తకాలకు ఇచ్చే న్యూబెరీ గౌరవ పురస్కారం పొందింది.

మూడోది నీరసంగా ఉంది. అందరూ ఇంత గొప్పగా ఎందుకు చెప్తారు?

నీరసమే దాని విషయం. లోకంలో మాయ ఇంకిపోతోంది. మంత్రగాళ్లు మాటలు మరిచిపోతున్నారు, లార్బనరీ ద్వీపంలో పట్టుకు రంగులు అద్దేవాళ్లు తమ పనితనం పోగొట్టుకున్నారు. యువరాజు ఆరెన్‌కి కూడా మధ్యలో గెడ్ మీద నమ్మకం పోతుంది. ఆ పేజీలు బరువుగానే ఉంటాయి. తెప్పల మీద బతికే జనం వచ్చేదాకా లాగండి, అక్కడ ఊపిరి తిరుగుతుంది. 1973లో ఈ నవలకు అమెరికా నేషనల్ బుక్ అవార్డు వచ్చింది, పిల్లల పుస్తకాల విభాగంలో.

## తెహాను దగ్గర చీలిపోయేవాళ్లకు

తెహాను చదివితే కోపం వచ్చింది. గెడ్‌ని ఎందుకిలా చేసింది? (మూడు, నాలుగు పుస్తకాల ముగింపు బయటపడుతుంది.)

ఈ కోపం 1990 నుంచీ ఉంది. మూడో పుస్తకం ముగింపులో గెడ్ తన శక్తినంతా ధారపోసి, చావుకూ బతుకుకూ మధ్య తెరుచుకున్న తలుపును మూస్తాడు. 1972 నాటి పాఠకులు అతన్ని డ్రాగన్ వీపు మీద ఇంటికి సాగనంపి, పద్దెనిమిదేళ్లు ఆ దృశ్యాన్ని పదిలంగా దాచుకున్నారు. నాలుగో పుస్తకం ఆ ఖర్చు చీటీని బయటికి తీసింది. శక్తి లేని గెడ్ సిగ్గుతో దాక్కుంటాడు, కొండల్లో మేకలు కాస్తాడు. కథ నడిపేది టెనార్. ఇప్పుడామె రైతు భార్యగా బతికి వితంతువైన మనిషి, కాలిన పిల్లను పెంచుతోంది. అంట్లు, కట్టెలు, మేకలు, భయం. సాహసయాత్ర కోసం వచ్చినవాళ్లకు ఇది మోసంలా కనిపించడంలో వింత లేదు.

అయితే ఈ పేచీకి విత్తనం మొదటి నవలలోనే ఉంది. ఆడవాళ్ల మంత్రం బలహీనమనీ, చెడ్డదనీ గాంట్ ద్వీపంలో చెప్పుకునే రెండు సామెతలను అక్కడ లోకసత్యాల్లా వాడేసింది. ఆ సామెతలు ఎవరు పుట్టించారు, ఎవరికి లాభం అన్నది తెహాను అడిగే ప్రశ్న. మొదటి మూడింటిలో తాను మగవీరుల కథాసంప్రదాయంలోనే రాశానని లె గ్విన్ 1992లో ఆక్స్‌ఫర్డ్ ప్రసంగంలో చర్చించింది. ఈ నవల 1990 సంవత్సరానికి, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే నెబ్యులా అవార్డు పొందింది.

విమర్శల్లో ఒకటి మాత్రం మేమూ ఒప్పుకుంటాం. ముగింపు హడావిడిగా ఉంది. దుష్టుడైన మంత్రవేత్త ఆస్పెన్‌కి ద్వేషం తప్ప ఇంకో గుణం లేదు, సమస్య తీర్చడానికి చివరి పేజీల్లో డ్రాగన్ దిగుతుంది. అంత ఓపికగా అల్లిన కథకు ఆ ముడి తేలిక. పదహారేళ్లకు నచ్చక, నలభై ఏళ్లకు మళ్లీ చదివి మనసు మార్చుకున్నవాళ్లు చాలామంది. ఇంట్లో జబ్బు మనిషికి చాకిరీ చేసిన తర్వాత చదివితే ఆ అంట్లు, కట్టెలు వేరేగా కనిపిస్తాయి.

మూడుతో ఆపేయొచ్చా?

నిక్షేపంగా. పద్దెనిమిదేళ్లు అది పూర్తయిన కథగానే ఉంది. తెహాను దాటేసి ఆఖరి నవలకు దూకడం మాత్రం కుదరదు, సగం పాత్రలు పరాయివాళ్లుగా కనిపిస్తాయి.

ది అదర్ విండ్‌లో ముందు చెప్పిన మరణలోకాన్ని మార్చేసింది. ఇది తొండి కాదా? (ముగింపు బయటపడుతుంది.)

మూడో పుస్తకంలో చనిపోయినవాళ్లు చేరే ఎండుభూమి ఉంది: చుక్కలు కదలవు, ప్రేమించుకున్నవాళ్లు ఎదురుపడ్డా పట్టించుకోరు. అదే అందరి గతి అని అక్కడ అనిపిస్తుంది. ఆఖరి నవలలో ఆ లోకం మనుషులు చేసిన తప్పు వల్ల పుట్టిందని తేలుతుంది. మనుషులూ డ్రాగన్లూ ఒకప్పుడు ఒకే జాతి. విడిపోయినప్పుడు చేసుకున్న ఒప్పందాన్ని మంత్రవేత్తలు మీరి, చావులేని చోటు కోసం డ్రాగన్ల భూమిలో కొంత కాజేశారు. రోక్ పండితులు అనాగరికులని తీసిపారేసే కార్గ్ జనం ఎండుభూమికి పోరు, మళ్లీ పుడతామని నమ్ముతారు. పునర్జన్మ మాట వింటూ పెరిగిన తెలుగు పాఠకుడికి వాళ్ల వాదన వెంటనే ఎక్కుతుంది, "మార్చేసింది" అన్న కోపం కాస్త తగ్గుతుంది. ముందు నుంచీ పథకం ప్రకారం రాసిందని మాత్రం చెప్పలేం. తెహానుకు ఎర్త్‌సీ చివరి పుస్తకం అని ఉపశీర్షిక పెట్టుకున్నది ఆవిడే!

## రంగు, తెర, అట్టబొమ్మ

గెడ్ తెల్లవాడు కాదా? అట్ట మీద అలాగే ఉన్నాడే?

కాడు. మూడో అధ్యాయంలో గెడ్ స్నేహితుడు వెచ్‌ని వర్ణించే వాక్యం చూడండి: వెచ్ నల్లనివాడు, గెడ్, జాస్పర్, ఆ ద్వీపసమూహంలో ఎక్కువమంది ఎర్రగోధుమ రంగువాళ్లు. తెల్లతోలు, పసుపు జుట్టు ఉన్నది గెడ్ ఊరి మీద దాడి చేసే కార్గ్ సైనికులకు. 1968లో ఇది తెలిసి చేసిన పని, కానీ గట్టిగా చాటలేదు. అందుకే చాలామంది గమనించకుండానే చదివేశారు, అట్టలు గీసినవాళ్లూ అంతే. 2004లో సైఫై చానల్ తీసిన టీవీ సిరీస్‌లో గెడ్‌గా తెల్ల నటుణ్ణి పెడితే, తన ద్వీపాలకు సున్నం కొట్టారని లె గ్విన్ బహిరంగంగానే వ్యాసం రాసింది.

జపాన్ యానిమేషన్ సంస్థ గిబ్లీ తీసిన సినిమా చూశాను. అదే పేరున్న పుస్తకం కొంటే ఆ కథే ఉంటుందా?

ఉండదు, ఇక్కడ చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. గోరో మియాజాకీ 2006లో తీసిన సినిమా ఇంగ్లీషు పేరు టేల్స్ ఫ్రమ్ ఎర్త్‌సీ. అదే పేరున్న 2001 పుస్తకం అయిదు కథల సంపుటి, సినిమా కథ అందులో లేదు. సినిమా ఎక్కువగా మూడో నవలను, కొంత నాలుగోదాన్ని కలిపింది. ఆరెన్ తన తండ్రిని పొడిచే మొదటి ఘట్టం ఏ పుస్తకంలోనూ లేదు. నాలుగు నవలలు చదివాక చూస్తే ఏది ఎక్కడిదో పోల్చుకోవడం సరదాగా ఉంటుంది.

## అభిప్రాయం రాసేవాళ్లకు

కథ చెప్పేయకుండా, నాలుగు మాటల్లో పనికొచ్చేలా ఎలా రాయాలి?

మొదటి వాక్యంలోనే మూడు సంగతులు పెట్టండి: ఏ పుస్తకం, ఏ వయసులో చదివారు, పూర్తి చేశారా ఎక్కడ ఆపారు. "ఎర్త్‌సీ బాగుంది" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. తర్వాత ఒక్క ఘట్టం తీసుకుని అది మీ మీద ఎందుకు పనిచేసిందో, ఎందుకు చేయలేదో రాయండి. 150 నుంచి 200 మాటలు చాలు. దాచాల్సిన రహస్యాలు మూడే: నీడ పేరు, తెహానులో కాలిన పిల్ల ఎవరన్నది, మూడో పుస్తకం తర్వాత గెడ్ స్థితి. నెమ్మదిగా ఉందన్నది సరైన విమర్శే, కానీ ఎన్నో అధ్యాయంలో అనిపించిందో చెప్తే చదివేవాడికి ఉపయోగం.

తెలుగులో రాసేటప్పుడు పేర్లను అనువదించాలా?

అసలు పేర్లను ముట్టుకోవద్దు: గెడ్, టెనార్, తెహాను. గెడ్‌లో గ అక్షరమే, జెడ్ కాదు. వాడుక పేర్లు మామూలు మాటలే. స్పారోహాక్ ఒక చిన్న డేగ, మాస్ అంటే నాచు, ఆల్డర్ ఒక చెట్టు. వాటిని అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట అర్థం చెప్తే సరిపోతుంది. అన్నిటినీ తెనిగిస్తే నాచమ్మ, డేగయ్య అంటూ జానపద సినిమా అయిపోతుంది.

ఆరూ అయిపోయాయి. ఆవిడవే ఈ వయసువాళ్ల కోసం ఇంకేమున్నాయి?

గిఫ్ట్స్ (2004), వాయిసెస్ (2006), పవర్స్ (2007). మూడూ ఒకే లోకంలో జరుగుతాయి, దేనికదే చదువుకోవచ్చు. కళ్లకు గంతలు కట్టుకుని బతికే కుర్రాడి కథ మొదటిది. పుస్తకాలను నిషేధించిన నగరంలో రహస్య గ్రంథాలయం ఉన్న ఇంటి పిల్ల కథ రెండోది. జరగబోయేవి గుర్తుకొచ్చే బానిస కుర్రాడి కథ మూడోది, ఇందులో హింస ఎక్కువ, 14 ఏళ్లు దాటినవాళ్లకు. గెడ్ దూరంగా ఉన్నాడని ఆగిపోయినవాళ్లు వాయిసెస్‌తో మొదలుపెట్టండి, అక్కడ కథ చెప్పేది ఆ పిల్లే.